ఇంటివద్ద సైకిలు సంరక్షణ – సామాన్ల ఎంపిక



ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల సంగతి చెప్పవలసిన వ్యవసాయశాఖ మనిషి ఈవేళ సైకిలు సంగతి ఎత్తుకున్నాడేమిటా అని మీలో కొందరికి తోచవచ్చు. కాని ఒక్కమాట ఆలోచించండి. తెల్లవారుజామున పాలక్యాను కేంద్రానికి చేరేది చాలా ఇళ్ళలో దేనిమీద? పార భుజాన వేసుకొని మడికి నీరు కట్టడానికి పోయేది దేనిమీద? పశువుకు పచ్చిగడ్డి మోపు ఇంటికి వచ్చేది దేనిమీద? మోటారు సైకిళ్ళు వచ్చిన మాట నిజమే. అయినా కౌలు రైతుకు, కూలిపనికి పోయే మనిషికి, పెట్రోలు ఖర్చుకు వెనుకాడే చిన్న రైతుకు, బడికి పోయే పిల్లలకు నేటికీ సైకిలే ఆధారం. దారిలో సైకిలు మొరాయించి, పాలు వేళకు కేంద్రం చేరకపోతే ఆ పూట డబ్బు పోయినట్లే గదా!

ఒకప్పుడు ఓ మాదిరి ఊరికల్లా ఒక సైకిలు షాపు ఉండేది. గంటల లెక్కన అద్దె సైకిళ్ళు ఇచ్చేవారు, రిపేర్లు చేసేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో ఆ కొట్లు మూతపడ్డాయి. కొన్ని మోటారు సైకిళ్ళ పనిలోకి మారిపోయాయి. కనుక సైకిలు ఉన్నవారు తమ సైకిలును తామే కొంత కనిపెట్టుకొని ఉండవలసిన రోజులు వచ్చాయి. ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. నాగలి కర్రు బిగించుకోగలిగినవారు, మోటారు ఫుట్‌వాల్వు విప్పి బాగుచేసుకోగలిగినవారు సైకిలు పని చేసుకోలేకపోవడమంటూ ఉండదు.

ముందుగా ఒక సంగతి గట్టిగా చెబుతాను. సైకిలులో పెద్ద సామాను దానంతటది చెడిపోవడం తక్కువ. ప్రక్కనున్న చిన్న సామానును అశ్రద్ధ చేయడంవల్లనే అది చెడుతుంది. ఇందుకు కాటరు పిన్నే సాక్షి. పెడలు కర్రను నడిమి ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క అది. అది కాస్త వదులైతే పెడలు త్రొక్కినప్పుడల్లా ఒక చోట టిక్కుమని జారుతుంది. ఒక పెద్దాయనను ‘ఏం బాబాయ్, ఈ చప్పుడేమిటి?’ అని అడిగితే, ‘అది మామూలేనండీ, రెండేళ్ళనుంచీ ఉంది’ అన్నాడు. రెండేళ్ళు అట్లా త్రొక్కితే ఏమవుతుంది? పిన్ను అరుగుతుంది, ఆ తరువాత పెడలు కర్రలోని రంధ్రం కోలగా సాగుతుంది, చివరకు ఇరుసు మీది గాడి కూడా తినివేయబడుతుంది. అప్పుడు క్రొత్త పిన్ను వేసినా నిలవదు. అతి చవుకైన సామానుతో పోయేది మూడు పెద్ద సామాన్లు మార్చేదాకా వస్తుంది.

దీనిని కనిపెట్టడం తేలిక. పెడళ్ళు ముందూ వెనుకగా నేలకు సమాంతరంగా ఉండేటట్లు నిలిపి, రెంటినీ కాళ్ళతో గట్టిగా నొక్కండి. ఒక అర చుట్టు త్రిప్పి మళ్ళీ నొక్కండి. ఎందులోనైనా కదలిక తగిలితే పిన్ను వదులైందన్నమాట. క్రొత్తది వేసేటప్పుడు చాలామంది నట్టు బిగిస్తే పిన్ను దానంతటది లోపలికి వస్తుందనుకుంటారు. అది పొరపాటు. పెడలు కర్ర క్రింద ఒక ఇనుప గొట్టం ముక్కనో గట్టి చెక్కనో ఆసరాగా పెట్టి, పిన్నును సుత్తితో కొట్టి దింపాలి. నట్టు దానిని ఊడకుండా పట్టడానికే. ఆ దెబ్బ ఆసరా లేకుండా కొడితే ఇరుసులోని బాల్సుకు తగులుతుంది. రెండు పిన్నులూ ఎదురెదురు దిశలలో ఉండాలి, లేకపోతే పెడళ్ళు ఒక వరుసలోకి రావు. నాలుగు రోజులు త్రొక్కిన తరువాత మరొక్క దెబ్బ వేసి నట్టు బిగించండి.

ఇక సామాన్లు కొనడం. ఇక్కడే రైతులు ఎక్కువగా మోసపోతుంటారు, లేదా అనవసరంగా నిరాశపడుతుంటారు. ‘మా సైకిలు కంపెనీ ఎత్తేశారండీ, ఇక సామాను దొరకదు’ అని మూలపడేసినవారు ఉన్నారు. అట్లాస్ కంపెనీ వారి సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్‌లో మూతపడినప్పుడు ఇటువంటి మాటలు చాలా వినిపించాయి. నిజానికి మనం వాడే నల్లరంగు పెద్ద సైకిలు కొలతలు కంపెనీ కంపెనీకి పెద్దగా మారవు. అట్లాస్ సైకిలుకు హీరో సైకిలు చైను పడుతుంది, హెర్క్యులస్‌కు వేసే బాల్సు దీనికీ సరిపోతాయి. మన దేశంలో సైకిలు సామాన్లు ఎక్కువగా పంజాబులోని లూధియానాలో తయారవుతున్నాయి. కాబట్టి కొట్టుకు వెళ్ళి కంపెనీ పేరు చెప్పి అడగవద్దు. విప్పిన పాత సామానును గుడ్డలో చుట్టుకొని వెంట తీసుకువెళ్ళండి. ప్రక్క ప్రక్కన పెట్టి చూసి కొనండి.

టైరు విషయంలో మాత్రం మరికొంత జాగ్రత్త అవసరం. పెద్ద సైకిలు టైరు 28 × 1½. ఆడపిల్లల సైకిళ్ళకు 26 × 1⅜ ఎక్కువగా ఉంటుంది. ఈమధ్య కుర్రవాళ్ళు కొంటున్న లావు టైర్ల గేరు సైకిళ్ళలో చాలావాటి మీద కూడా 26 అనే ఉంటుంది. రెండూ 26 కదా అని ఒకదానికి తెచ్చింది మరొకదానికి వేయబోతే ససేమిరా పట్టదు. టైరు ప్రక్కగోడ మీద చిన్న అక్షరాలతో మరొక అంకె అచ్చుపోసి ఉంటుంది, దానిని చూడండి. పెద్ద సైకిలుకు 40-635 అనీ, ఆడపిల్లల సైకిలుకు 37-590 అనీ ఉంటుంది. లావు టైరుకు రెండవ అంకె 559. మొదటి అంకె టైరు వెడల్పు. రెండవది టైరు అంచు రిమ్ములో కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లలోనే. 590కీ 559కీ మధ్య అంగుళానికి పైగా తేడా ఉన్నది, ఇక ఎట్లా పడుతుంది? అలాగే 28 అని వ్రాసి, రెండవ అంకె 622 అని ఉన్న టైర్లూ వస్తున్నాయి. అవి మన పెద్ద సైకిలుకు పనికిరావు. రెండవ అంకె కలిస్తేనే కొనండి. ఈ అంకెను ఇంట్లో గోడమీద సుద్దతో వ్రాసి పెట్టుకున్నా మంచిదే.

గాలి పోవడం అందరికీ ఎదురయ్యే బాధ. మన పొలం దారుల్లో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు ఉన్నంతకాలం పంచర్లు తప్పవు. అయితే గాలి తగ్గిన ప్రతిసారీ పంచరనుకొని టైరు విప్పవద్దు. ముందు వాల్ ట్యూబు చూడండి. వాల్వు మూతి మీద తడి వేలు పెట్టండి. బుడగ వస్తే తప్పు అక్కడే ఉన్నది. లోపలి పుల్లకు తొడిగిన సన్నని రబ్బరు ఎండకు ఎండి, రంధ్రం దగ్గర చిట్లి ఉంటుంది. జానెడు వాల్ ట్యూబు ఇంట్లో ఉంటే అయిదు నిమిషాల పని. రంధ్రాన్ని బాగా కప్పేటంత ముక్క కోసి, నీళ్ళతో తడిపి తొడగండి. జారడానికని నూనె రాయకండి, నూనె రబ్బరును చెడగొడుతుంది.

నిజంగా పంచరే అయితే ట్యూబును నీళ్ళలో ముంచి బుడగ వచ్చే చోట గుర్తు పెట్టండి. ఆరిన తరువాత ఆ చోటును ఉప్పుకాగితంతో గరుకు చేసి, సొల్యూషన్ పలుచగా రాసి, వేలికి అంటకుండా ఆరేదాకా ఆగండి. ఆగలేకనే సగం ప్యాచీలు ఊడిపోతున్నాయి. తడిమీద అంటించిన ప్యాచీ ఎండకు లేస్తుంది. ట్యూబు తిరిగి ఎక్కించే ముందు టైరు లోపలి భాగమంతా ఒక గుడ్డతో తడమండి. గుచ్చుకున్న ముల్లు మొన అక్కడే మిగిలితే మరునాడే మళ్ళీ పంచరు. గాలి తక్కువతో బరువు మోయడం కూడా చేటే. రిమ్ము రాయికి కొట్టుకొని ట్యూబుకు పాముకాటులా రెండు గాట్లు పడతాయి. ఎంత గాలి పట్టించాలో టైరు మీదే అచ్చువేసి ఉంటుంది.

చక్రాల బాల్సు సంగతి. చక్రాన్ని చేత్తో పట్టుకొని ప్రక్కలకు కదిపి చూడండి. ఊగితే కోను వదులుగా ఉంది. పైకెత్తి వదిలితే వాల్వు బరువుకు చక్రం తనంతట తాను తిరిగి, వాల్వు క్రిందికి వచ్చి, అటూ ఇటూ ఊగి ఆగాలి. అట్లా ఆగితే బిగువు సరిగ్గా ఉన్నట్లు. మధ్యలోనే పట్టివేస్తే కోను మరీ బిగిసిందనో, లోపల మట్టి చేరిందనో అర్థం. కాలువలోనుంచి, మోకాలిలోతు నీళ్ళలోనుంచి సైకిలు నడిపించుకొని వచ్చినవారు ఆ వారంలోనే హబ్బు విప్పి చూడటం మంచిది. విప్పేటప్పుడు క్రింద ఒక పళ్ళెం పెట్టండి. పెద్ద సైకిలు ముందు చక్రంలో 3/16 అంగుళం బాల్సు ప్రక్కకు 10, వెనుక చక్రంలో పావు అంగుళం బాల్సు ప్రక్కకు 9 ఉంటాయి. ఒక్కటి పగిలినా ఆ వరుస మొత్తం మార్చాలి. అరిగిన వాటి మధ్య క్రొత్త బాలు వేస్తే, అది వెంట్రుకవాసి పెద్దది గనుక బరువంతా దానిమీదే పడి అదీ పగులుతుంది. కోను మీద గోటితో గీసి చూడండి, గుంటలు తగిలితే కోను కూడా మార్చవలసిందే.

చైను గురించి. చైను పిన్నుకు పిన్నుకు మధ్య దూరం సరిగ్గా అర అంగుళం. ఇంట్లో పిల్లల స్కేలు ఉంటే చాలు. ఒక పిన్ను నడిమధ్య నుంచి 24 పిన్నులు లెక్కించి కొలవండి. క్రొత్త చైను 12 అంగుళాలు ఉంటుంది. అది 12⅛కి వచ్చిందంటే చైను సాగినట్లే. సాగిన చైనును ఇంకా వాడితే ఫ్రీవీలు పళ్ళు కొక్కేల్లా వంకరపోతాయి. ఆపైన చైను క్రొత్తది వేసినా ఆ పళ్ళ మీద నిలవక జారుతుంది, రెండూ మార్చక తప్పదు. వేసిన చైను నడిమధ్య వేలితో పైకీ క్రిందికీ కదిపితే అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం ఆడాలి. అంతకన్న వదులైతే ఊడుతుంది, మరీ బిగువైతే ఇరుసులు అరిగిపోతాయి.

ఇక్కడే నూనె మాట కూడా చెప్పాలి. బండి ఇరుసుకు కందెన పెట్టడం మన పెద్దలకు తెలియని విద్య కాదు. సైకిలు విషయానికి వచ్చేసరికి ఏది చేతికందితే అది పోస్తున్నాం. వేరుసెనగ నూనె వంటివి కొద్దిరోజులకే జిగురెక్కి, దుమ్మును పట్టి, ఆకురాయిలా చైనును అరగదీస్తాయి. ట్రాక్టరులోనుంచి తీసిన కాలిన ఆయిలులో ఇనుప రజను ఉంటుంది, అది కూడా వద్దు. మిషను నూనె గాని, క్రొత్త ఇంజను ఆయిలు గాని ఒక్కొక్క పిన్నుకు ఒక్కొక్క చుక్క చాలు. ముందుగా చైనును కిరసనాయిలుతో, అది దొరకకపోతే కాస్త డీజిలుతో, నిప్పుకు దూరంగా కడిగి ఆరబెట్టాలి. నూనె వేసి, అరగంట తరువాత పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచివేయండి. నూనె చైను లోపల పని చేస్తుంది, పైన ఉన్నది దుమ్మును పిలుస్తుంది.

చువ్వల గురించి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎందుకంటే రైతు సైకిలు బరువు మోసే సైకిలు. బండిచక్రంలో ఆకు క్రిందనుండి నిలబడి బరువును మోస్తుంది. సైకిలు చువ్వ అట్లా కాదు, సన్నని తీగ నిలబడి ఏమి మోయగలదు? అన్ని చువ్వలూ హబ్బును నలువైపులకూ బిగువుగా లాగి పట్టి ఉంచడంవల్లనే చక్రం నిలుస్తున్నది. చక్రం తిరిగినప్పుడు క్రిందికి వచ్చిన చువ్వ బిగువు కాస్త సడలుతుంది, పైకి పోగానే మళ్ళీ బిగుస్తుంది. పెద్ద సైకిలు చక్రం కిలోమీటరుకు సుమారు 450 చుట్లు తిరుగుతుంది. మూడు కిలోమీటర్ల దూరంలోని పొలానికి పోయివస్తే ఒక్కొక్క చువ్వ 2,700 సార్లు సడలి బిగిసినట్లు లెక్క. బైండింగు తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగిపోవడం మీరు చూసినదే. వదులు చువ్వ మరీ ఎక్కువగా ఆడుతుంది గనుక అదే ముందు తెగుతుంది. తెగేది కూడా సాధారణంగా హబ్బు దగ్గరి వంపులోనే, అందులోనూ వెనుక చక్రం ఫ్రీవీలు వైపున. ఆ ప్రక్క చువ్వలు నిటారుగా నిలిచి ఎక్కువ బిగువు మోస్తాయి.

అందుచేతనే పెద్ద సైకిలుకు ముందు 32, వెనుక 40 చువ్వలు పెట్టారు. ఒకటి తెగితే ‘ఇంకా ముప్పైతొమ్మిది ఉన్నాయిగా’ అని త్రొక్కేవారున్నారు. తెగినదాని పని ఇరుగుపొరుగు చువ్వల మీద పడి, అవీ ఒకదాని వెంట ఒకటి తెగుతాయి, చక్రం ఎనిమిది అంకె తిరుగుతుంది. కాబట్టి ఆ వారంలోనే వేయించండి. పాత చువ్వ రెండు ముక్కలూ కొట్టుకు తీసుకుపోండి, వంపు లోపలినుంచి కొస దాకా కొలిచి సరిపోయినదే అడగండి. నెలకొకసారి ప్రతి చువ్వనూ వేలితో మీటి చూడండి. ఒకే ప్రక్క చువ్వలన్నీ ఇంచుమించు ఒకే ధ్వని పలకాలి. బొద్దుగా మ్రోగినది వదులుగా ఉన్నట్లు. నిపిలును ఒక్కసారి పావుచుట్టుకు మించి త్రిప్పవద్దు.

ఇప్పుడు వచ్చే యూరియా బస్తా 45 కిలోలు. క్యారియరు మీద ఒకటి కట్టుకొని, మనిషి ఎక్కి గతుకుల దారిలో త్రొక్కితే వెనుక చక్రం మాట అటుంచి, ముందు చక్రం నేలమీద నిలవక హేండిలు మాట వినదు. బస్తా వేసినప్పుడు నడిపించుకొని రావడమే మేలు. హేండిలుకు సంచులు తగిలించడం నాకు అసలు ఇష్టం ఉండదు. అవి చువ్వల్లో పడి మనుషులు తలక్రిందులుగా పడినవి విన్నాం. ఎరువు మోసిన సైకిలును ఆ పూటే మంచినీళ్ళతో కడిగి తుడవండి. యూరియా తేమను పీలుస్తుంది, పొటాషులోని క్లోరైడు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. చిరిగిన బస్తానుంచి రాలిన గుళికలు మడ్‌గార్డు లోపల, నిపిళ్ళ దగ్గర చేరి చడీచప్పుడు లేకుండా తినివేస్తాయి. పురుగుమందు డబ్బా, అన్నం క్యారియరు ఒకే సంచిలో పెట్టవద్దని వేరే చెప్పనక్కరలేదనుకుంటాను. అయినా చెబుతున్నాను.

బ్రేకుల విషయంలో మాత్రం ఎటువంటి సర్దుబాటూ వద్దు. మా ప్రాంతంలో ఒక పాలరైతు రెండు ప్రక్కలా నిండు క్యాన్లతో కాలువగట్టు దిగుతుండగా బ్రేకు రాడ్డు నట్టు వదులై ఊడిపోయింది. పాలు పోతే పోయాయి, చేయి విరిగి ఆ కారు పంటకు పనికి రాలేకపోయాడు. ఆ నట్టు బిగించడానికి పట్టేది అరనిమిషం. పెద్ద సైకిలు బ్రేకు రబ్బర్లు రిమ్ము లోపలి వైపు నొక్కుతాయి, కనుక అవి ఎంత అరిగాయో వంగి చూస్తేగాని కనిపించదు. రబ్బరు అరిగి దాన్ని పట్టిన ఇనుప తొడుగు రిమ్ముకు తగిలితే బ్రేకు పడదు సరికదా, రిమ్ము కూడా కోసుకుపోతుంది. రబ్బర్లు నాలుగూ ఒకేసారి మార్చండి. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు ఉండాలి. రిమ్ము మీద నూనె చుక్క పడితే వెంటనే తుడవండి. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద బ్రేకు సరిగా పట్టదు. దిగుడు రాకముందే కొద్దికొద్దిగా నొక్కి తడి తుడుచుకొని, వేగం తగ్గించుకొని దిగండి.

పాత ఇనుము కొట్లలో విరిగిన సైకిళ్ళు తూకానికి దొరుకుతాయి. వాటినుంచి మడ్‌గార్డు, క్యారియరు, స్టాండు, చైను కవరు, సీటు తీసుకోవచ్చు. వీటిలో నష్టమేమీ లేదు. కాని ముందు ఫోర్కు, నడిమి ఇరుసు, బ్రేకు రాడ్లు మాత్రం పాతవి కొనవద్దు. లోపల పడిన సన్నని పగులు రంగు క్రింద కనిపించదు. మీ సైకిలే పడి ఫోర్కు వంగితే, వేడిచేసి సరిచేస్తామంటారు. ఒప్పుకోవద్దు, మార్చండి.

అన్ని పనులూ ఇంటి దగ్గరే చేయాలని నా ఉద్దేశం కాదు. నడిమి ఇరుసు కప్పులు విప్పడం, వంకర తిరిగిన చక్రం సరిచేయడం పనివాడికి ఇవ్వడమే మంచిది. పెడలు మార్చుకోవడం మాత్రం మీరే చేసుకోవచ్చు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఎడమ పెడలుది ఎదురు మర. కుడి పెడలు మామూలుగా విప్పాలి, ఎడమది అందుకు వ్యతిరేకంగా. ఇది తెలియక బలంకొద్దీ త్రిప్పి మరలు పోగొట్టుకున్నవారు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు. క్రొత్త పెడలు మీద ఎల్, ఆర్ అక్షరాలు ఉంటాయి. ఎల్ ఎడమది, ఆర్ కుడిది.

ఇంట్లో ఒక చిన్న డబ్బా పెట్టుకోండి. అందులో జానెడు వాల్ ట్యూబు, సొల్యూషన్, పాత ట్యూబు ముక్క, ఉప్పుకాగితం, కాటరు పిన్నులు రెండు, రెండు రకాల బాల్సు, చైను లాకు ఒకటి, మీ చక్రానికి సరిపోయిన చువ్వలు నాలుగు, రెండు పానాలు ఉంటే చాలు. ఈ వ్యవసాయపు పనుల ఒత్తిడిలో నాట్లవేళా, కోతలవేళా సైకిలును ఎవరూ చూడరు. అందుచేత నాట్లకు ముందొకసారి, కోతలకు ముందొకసారి తీరిక చేసుకొని సైకిలును తలక్రిందులుగా నిలబెట్టి, పైన చెప్పినవన్నీ వరుసగా చూసుకోండి. ముందు బ్రేకులతో మొదలుపెట్టండి.